నారుమడిలో ఊద

ధాత్రి నోట్లో ఫ్రెంచి వాక్యం సగంలో ఆగిపోయింది. ఎడం చెయ్యి గౌను మీదుగా కిందికి జారి, తొడ దగ్గర ఒకచోటును గట్టిగా అదిమి పట్టుకుంది.

సువర్చల టీచరు చేతిలో చేపల బుట్ట ఉంది. నిజం చేపలు కావు, అట్టముక్కలతో కత్తిరించి రంగులేసినవి. యానాంలోని ఈ పురపాలక బడిలో పదకొండేళ్ళుగా ఆవిడ ఫ్రెంచి చెప్పే పద్ధతి ఇదే. ఆవిడ చేపలమ్మే మనిషి, పిల్లలు కొనేవాళ్ళు, బేరం మాత్రం ఫ్రెంచిలోనే ఆడాలి. మూడు చేపలడగబోయి ముప్ఫై అడిగిన పిల్లకు ముప్ఫై చేపలూ ఒళ్ళో కుమ్మరించేది. క్లాసంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వేది. ఆ నవ్వులో ఆ పిల్లా కలిసి నవ్వేది. మూడుకీ ముప్ఫైకీ తేడా ఇక ఈ జన్మకు మరిచిపోయేది కాదు.

"ఏం కావాలమ్మా?" ఫ్రెంచిలో మళ్ళీ అడిగింది సువర్చల.

ధాత్రి ఆవిడ తమ్ముడి కూతురు. తొమ్మిదేళ్ళు. నెల్లాళ్ళ కిందటి దాకా తప్పులు మాట్లాడడంలో బడి మొత్తానికి మొనగత్తె. ఇప్పుడా పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, "నాకు ఒక చేప ఇవ్వండి, దయచేసి" అని అప్పజెప్పింది. ఆ ఉచ్చారణ వింటే పారిస్‌లో పుట్టిందనుకుంటారు.

"ఏ చేప? అదిగో, ఆ పెద్దది నీ వంకే చూస్తోంది. ఏమంటోంది అది?"

నెల్లాళ్ళ కిందటైతే ఈ ప్రశ్నకు చేప చేత బోలెడు కబుర్లు చెప్పించేది ధాత్రి. సగం ఫ్రెంచి, సగం తెలుగు, కొంత చేప భాష. ఇప్పుడు నోరు తెరిచింది, మూసుకుంది. చెయ్యి తొడ మీదే ఉంది. సువర్చల పక్కపిల్లనడిగింది. ఆ పిల్లా ఒక్క చక్కని వాక్యం చెప్పి, రెండోదాని దగ్గర ఆగి, తొడ పట్టుకుంది. వెనక బెంచీ వాళ్ళనడిగింది. క్లాసులో నలభై మంది. నలభై ఎడం చేతులూ ఒక్కచోటికే పోతున్నాయి. మోకాలికి నాలుగు వేళ్ళ పైన, లోపలి వైపు.

ఆ చోటు సువర్చలకు బాగా తెలుసు. బుట్ట బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూలబడింది. ఆవిడ ఎడం తొడ మీద కూడా సరిగ్గా అక్కడే మంట మొదలైంది.

సువర్చల తండ్రి గంగరాజు మాస్టారు ఆ ఊళ్ళో పేరుపడ్డ ఫ్రెంచి పండితుడు. కూతుర్ని రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. తప్పు దొర్లితే కోప్పడేవాడు కాదు, గొంతు కూడా పెంచేవాడు కాదు. రెండు వేళ్ళు గౌను అంచు కిందికి పోయేవి. తొడపాశం. పట్టి, మెలితిప్పి, ఆ మెలిక వదలకుండానే "ఆంకోర్" అనేవాడు. ఫ్రెంచిలో 'మళ్ళీ' అని. ఒప్పు చెప్పేదాకా వేళ్ళు వదిలేవి కావు. ఆ చోట మచ్చ నల్లబడి, పచ్చబడి, మళ్ళీ నల్లబడేది. ఆయన చెయ్యి పడి ముప్ఫై ఐదేళ్ళు దాటింది. అయినా ఈనాటికీ ఫ్రెంచిలో తప్పు నోటిదాకా వస్తే చాలు, మాటకంటే ముందు అక్కడ మంట పుడుతుంది. లోకంలో అందరికీ ఇలాంటిదేదో ఒకటి ఉంటుందనే అనుకుంటూ వచ్చిందావిడ.

ఇప్పుడది నలభై మందికి ఉంది. వాళ్ళలో ఒక్కరినీ ఎవరూ గిల్లలేదు.

*

ఈ బడి పిల్లలకు నెల్లోనే ఫ్రెంచి తెప్పిస్తామని వచ్చిన కాకినాడ వాక్కేంద్రంవాళ్ళు తమ పనికి పెట్టుకున్న పేరు స్వరాంకురణ. ఆ పేరుకు ఎవరి నోరూ తిరక్కపోతే, కేంద్రం డైరెక్టరు డాక్టర్ పరాంకుశం తల్లిదండ్రుల సభలో గోదావరి జిల్లా మనుషులకు అర్థమయ్యేలా చెప్పాడు. "టీచరుగారి బుర్ర నారుమడి అనుకోండి. అందులో ఫ్రెంచి నారు ఏపుగా ఉంది. మేం దాన్ని పీకి మీ పిల్లల బుర్రల్లో ఊడుస్తాం. అంతే." అప్పట్నించీ అందరికీ అది ఊడ్పే అయింది.

ఊడ్పు జరిగే తీరు కూడా అంత సులువుగానే కనపడేది. పొద్దున సువర్చల వలలాంటి టోపీ పెట్టుకుని ఇరవై నిమిషాలు ఫ్రెంచి మాట్లాడేది. తెర మీద పచ్చటి పిలకలు లేచేవి. మధ్యాహ్నం పిల్లల ముక్కుల్లో రెండేసి మందు చుక్కలు వేసి, అలాంటి టోపీలే పెట్టి, ఓ కునుకు తీయించేవాళ్ళు. ఇరవై రోజులు అలా చేస్తే భాష వచ్చేసింది. ఒకే ఒక్క ఇబ్బంది, తీసిన నారు నిలవ ఉండదు. సాయంత్రానికి వాడిపోతుంది. అందుకని ఏ రోజుకారోజు బతికున్న మనిషి కావలసిందే.

ఆ మనిషి కావడానికి సువర్చల బుద్ధి గడ్డి తిని ఒప్పుకుంది. పదకొండేళ్ళుగా ప్రతి అధికారీ ఆవిణ్ణి అడిగింది ఒకటే. చేపలు పట్టేవాళ్ళ పిల్లలు, తెలుగే సరిగ్గా రాదు, వీళ్ళకు ఫ్రెంచెందుకండీ అని. ఆ మాట విన్న ప్రతిసారీ ఆవిడకు ఒళ్ళు మండేది. డబ్బున్నవాళ్ళ పిల్లలకు మార్కుల కోసమైనా నేర్పుతారు, వీళ్ళకు ఆ పాటి కూడా అక్కర్లేదన్నమాట. ఊడ్పుతో మూడొందల సర్కారు బళ్ళకు ఫ్రెంచి పోతుందనగానే ముందూ వెనకా చూడలేదు. తన బుర్రలో ఉన్నది ఫ్రెంచి ఒక్కటేనా అని ఒక్కసారైనా తనని తాను అడగలేదు.

క్లాసు వదిలిపెట్టి తిన్నగా కాకినాడ బస్సెక్కింది.

"తెలుసండీ. రెండోవారంలోనే చూశాం" అన్నాడు పరాంకుశం, కాఫీ ఆవిడ ముందుకు జరుపుతూ. తెర వెలిగించాడు. పచ్చటి పిలకల మధ్య, వాటిని పెనవేసుకుని, సన్నటి ఎర్రటి పిలకలున్నాయి. "ఇది భయం తాలూకు చోటు. మీ ఫ్రెంచితో పాటే పెరిగింది. చూడ్డానికి అచ్చం భాషలాగే ఉంటుంది, మొదట్లో మేమూ పోల్చుకోలేకపోయాం."

ఊద. సువర్చలకు వెంటనే తట్టిన మాట అదే. నారుమడిలో వరి పక్కనే వరిలా ఎదిగే కలుపు. కంకి వేసేదాకా కొత్తవాడు పోల్చలేడు. ఏరకుండా ఊడిస్తే చేనంతా అదే అవుతుంది.

"అయితే ఏరి పారెయ్యండి" అంది.

"ఏరామండీ. వేరేచోట ఇరవై మందికి ఎరుపు తీసేసి ఊడ్చాం. భాష నిలబడింది. కానీ ఏమయిందంటే..." అతను కాస్త నవ్వాడు. "ఆ పిల్లలు తెగ వాగుతున్నారు. నోటికొచ్చినట్టు, తప్పుల తడక. మీ పిల్లలు తక్కువ మాట్లాడతారు, మాట్లాడిందల్లా ఒప్పే. రెండు గుంపుల్నీ తల్లిదండ్రులకు చూపించాం. ఎవర్ని మెచ్చుకున్నారో మీరే ఊహించండి."

సువర్చల కాఫీని వెనక్కి నెట్టేసింది. తియ్యడం చేతకాక కాదు. తీసి చూసి, మళ్ళీ కావాలని పెట్టారు.

"పరాంకుశంగారూ, పిల్లలకి ఇంకో దేశం భాష ఎందుకు చెప్పాలో మీకు తెలుసా?" అంది. "ఉద్యోగానికని మీరనుకుంటున్నారు. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ క్లాసులో మళ్ళీ ఏడాది పిల్లవుతుంది. నీళ్ళు కావాలని అడగడం కూడా చేతకాదు. తప్పు మాట్లాడుతుంది, నవ్వుతారు, తనూ నవ్వుతుంది, అయినా అవతలివాళ్ళకి అర్థమై నీళ్ళిస్తారు. అలా ఒక్కసారి జరిగిన పిల్ల ఇంక ఏ మనిషి ముందూ బెదరదు. ఎవరి భాషనీ వెక్కిరించదు. నేను పదకొండేళ్ళు చెప్పింది అదీ. మీరు దాన్ని పీకేసి, మా నాన్న గోళ్ళు నాటారు."

"మీ ఆవేశం నాకర్థమైంది టీచర్‌గారూ. శనివారం మీ ఊరి పురమందిరంలో సభ. మూడొందల బళ్ళకి మొదటి నారు వేదిక మీదే, జనం ముందే తీస్తున్నాం. మీరు రానంటే బలవంతం ఏం లేదు." కాఫీ కప్పు ఎత్తి నింపాదిగా తాగాడు. "గంగరాజు మాస్టారుగారు నిన్ననే సంతకం పెట్టారు. వారి నారు ఇంకా ముదురు రకం."

*

సువర్చల ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఐదయింది. తండ్రి అరుగు మీదే ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా నిటారుగా కూర్చుంటాడు. ధాత్రి పక్కనే చాప మీద కూర్చుని ఉంది. తమ్ముడి భార్య కుసుమ పళ్ళెం తెచ్చి పిల్ల ముందు పెట్టింది.

"అట్టులోకి బెల్లం పెట్టనా, పచ్చడెయ్యనా?" అనడిగింది కుసుమ.

అడిగింది తెలుగులో. ధాత్రి చెయ్యి తొడ మీదికి పోయింది. తల్లి మొహంలోకి చూసింది, తాతయ్య మొహంలోకి చూసింది, ఏ జవాబు ఒప్పో వెతుక్కుంటూ.

"ఏది పెడితే అదే తింటానమ్మా" అంది చివరికి.

"చూశారా వదినగారూ, ఎంత బుద్ధిమంతురాలయిందో" అంది కుసుమ మురిసిపోతూ. "ఇదివరకు బెల్లం బెల్లమని ఇల్లు పీకి పందిరేసేది కాదూ. ఫ్రెంచితో పాటు మంచీ మర్యాదా కూడా వచ్చేశాయండి."

ఊద ఫ్రెంచి మడి దాటి తెలుగు మడిలోకి కూడా పాకింది. బెల్లం కావాలని చెప్పడానికి కూడా ఈ పిల్ల భయపడుతోంది. ఇలాగే వదిలేస్తే ఇక ఎప్పటికీ ఎవర్నీ ఏదీ అడగదు.

"నాన్నా, సంతకం పెట్టారట."

"పెట్టాను. నా విద్య మూడొందల బళ్ళకి పోతుంటే కాదంటానా?"

"మీ విద్యతో పాటు ఏం పోతోందో తెలుసా? దాని చెయ్యి ఎక్కడుందో చూడండి."

మాస్టారు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు. "మొక్కై వంగనిది మానై వంగుతుందేవిఁటే? ఆ నాలుగు గిల్లుళ్ళే లేకపోతే నీకీ ఉద్యోగమేది, ఈ పేరేది?"

"నాలుగా నాన్నా? ఏడేళ్ళు. రోజూ. నాకు ఫ్రెంచంటే ప్రాణం, అది మీ వల్ల కాదు, మీరు గిల్లినా పోలేదంతే. ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఒక్క మాటనలేదు. నన్ను గిల్లారు, సరే, నేను మీ కూతుర్ని. ఈ నలభై మంది మీకేం చేశారు? ఇంట్లో కూర్చుని, చెయ్యి కూడా కదపకుండా, అందర్నీ గిల్లుతున్నారు మీరు."

గంగరాజు మాస్టారు తన కుడిచెయ్యి ఎత్తి కూతురికి చూపించాడు. చూపుడువేలు, మధ్యవేలు కణుపుల దగ్గర వంకరగా ఉంటాయి. పుట్టుకతోనే అంతని చిన్నప్పుడెప్పుడో చెప్పాడు.

"మా మాస్టారు రూళ్ళకర్రతో విరగ్గొట్టాడు. నేను నీ ఎముక ముట్టుకోలేదు. గిల్లడంతో సరిపెట్టాను. అంతకంటే దయ మా కాలంలో ఎవరూ చూపించలేదు" అన్నాడు.

సువర్చలకు ఆ వేళ్ళ మీద జాలి కలిగింది. కోపం మాత్రం ఒక్క వీసం తగ్గలేదు. వంకర వేళ్ళతోనే కదా గిల్లింది. ధాత్రి పళ్ళెంలో ఆవిడే బెల్లం ముక్క పెట్టింది. పిల్ల ముందు తాతయ్య వంక చూసి, ఆ తరవాత తింది.

తను రానంటే ముసలాయన టోపీ పెట్టుకుంటాడు. కాబట్టి వెళ్ళాలి. శనివారందాకా ఆవిడ పరాంకుశానికి ఒక్క మాట చెప్పలేదు, వస్తున్నానని తప్ప.

*

పురమందిరం పొద్దున పదింటికే నిండిపోయింది. వేదిక మీద ఒక పక్క నలభై మంది పిల్లలు వరసగా, ఇంకో పక్క కుర్చీలో టోపీతో సువర్చల, వెనకాల గోడంత తెర. ముందు వరసలో ఇస్త్రీ పంచెతో గంగరాజు మాస్టారు, ఆయన పక్కన కుసుమ. పరాంకుశం మైకు తీసుకుని నారుమడి కథ మళ్ళీ చెప్పాడు. మధ్యాహ్నానికల్లా ఈ నారు మూడొందల బళ్ళకు చేరుతుందన్నాడు.

"ఇక టీచరుగారు తమ ఇష్టం వచ్చింది మాట్లాడతారు" అన్నాడు.

సువర్చల మొదట రెండు వాక్యాలు సరిగ్గానే చెప్పింది. తెర మీద పచ్చటి పిలకలు లేచి రెపరెపలాడాయి. జనం చప్పట్లు కొట్టారు.

మూడో వాక్యం తప్పు చెప్పాలి. అదెంత కష్టమో ఆవిడకు అప్పుడు గానీ తెలియలేదు. ముప్ఫై ఐదేళ్ళుగా నోరు తప్పు పలకలేదు. నాలుక తిరగనంటోంది. తొడ మీద మంట పొయ్యి రాజేసినట్టు లేచింది. కుర్చీ చెయ్యి పట్టుకుని, పళ్ళు బిగించి, అంది.

"నిన్న చేప నన్ను కొన్నది."

తెర మీద ఎర్రటి మరక భగ్గుమంది. కేంద్రం కుర్రాళ్ళిద్దరూ కంగారుగా యంత్రం దగ్గరికి ఉరికారు.

"నేనుకి మూడు తల ఉన్నాను. బుట్ట నాది తింటున్నావు చేప."

తెర సగం ఎర్రబడింది. యంత్రం బీప్‌బీప్ మంటూ నారు పనికిరాదని గోల పెట్టింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఆపలేదు. ఇంకో తప్పు. ఇంకోటి. ఆ పైన జనం వైపు తిరిగి తెలుగులో అంది.

"ఆ ఎరుపు చూస్తున్నారా అండీ? అది ఫ్రెంచి కాదు. నేను తప్పు చెప్పినప్పుడల్లా మా నాన్న తొడపాశం పెట్టి..."

"ఆంకోర్!"

గంగరాజు మాస్టారు ముందు వరసలో లేచి నిలబడి ఉన్నాడు. కావాలని అన్నది కాదు. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు, అన్ని తప్పులు చెవిన పడేసరికి దానంతటదే లేచింది.

వేదిక మీద నలభై మంది పిల్లలు ఒక్కసారిగా ముడుచుకుపోయారు. నలభై ఎడం చేతులు నలభై తొడల మీద పడ్డాయి. ఒకరిద్దరు ఏడుపు బిగబట్టారు. ఆ పిల్లల్లో సగం మంది ఆయన గొంతు వినడం అదే మొదలు.

పరాంకుశం మైకు పట్టుకుని ఏదో మొదలుపెట్టాడు గానీ వినేవాళ్ళెవరూ లేరు. మధ్య వరసలోంచి లుంగీ కట్టుకున్న ఒక మనిషి లేచాడు. పిల్లల వరసలో మూడోది అతని కూతురు.

"డాట్రుగారండి, మా ఇంట్లో పిల్ల మీద ఈగ వాల్నివ్వవండి. దాన్నెప్పుడూ ఎవులూ గిల్లలేదండి. మరి దానికా సోటెలా తెల్సిందండి?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా కూతుర్ని ఎవులు గిల్లేరో సెప్పండి ముందు."

"కాస్తంత భయం ఉండాల్లెండి పిల్లలకి" అని వెనకనించి ఎవరో గొణిగారు. ఆ మనిషి ఒక్కసారి అటు తిరిగి చూసేసరికి ఆ గొంతు ఊరుకుంది.

కుసుమ అప్పటికే మెట్లెక్కింది. కూతురి చెయ్యి తొడ మీదనుంచి తియ్యాలని లాగింది. రాలేదు. గౌను అంచు కాస్త ఎత్తి చూసింది. చర్మం మీద మచ్చ కూడా లేదు, నున్నగా ఉంది. అది చూసి ఆ తల్లి అక్కడే చతికిలబడి, "బెల్లం అడక్కపోతే బుద్ధనుకున్నాను వదినగారూ" అని వలవలా ఏడ్చింది.

గంగరాజు మాస్టారు ఇంకా నిలబడే ఉన్నాడు. పిల్లల వరసను ఈ చివర్నించి ఆ చివరికి చూశాడు. తన కుడిచేతిని చూసుకున్నాడు. రెండు వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు బిగుసుకుని ఉన్నాయి. వాటిని ఎడంచేత్తో విడదీసుకుని, జేబులో దాచుకుని, నెమ్మదిగా కూర్చున్నాడు. కూతురి వైపు మాత్రం చూడలేకపోయాడు. చూడమని సువర్చల కూడా అనలేదు.

"టోపీ తీసెయ్యండి టీచర్‌గారూ, దయచేసి" అన్నాడు పరాంకుశం పళ్ళ సందునించి.

"ఉంచండి. ఎరుపు అందర్నీ చూడనివ్వండి" అని ఆవిడ కుర్చీ పిల్లల వైపు తిప్పుకుంది. చేతిసంచీలోంచి అట్టచేపను తీసి ధాత్రి ముందు పట్టుకుంది. ఇక సభతో ఆవిడకు పనిలేదు.

"చేప నేను. ధాత్రిని అమ్ముతాను. ధాత్రి కిలో ఎంతలు?" అంది ఫ్రెంచిలో. తొడ భగభగమంటోంది. వెనక తెరంతా ఎర్రగా ఉంది.

ధాత్రి తాతయ్య వంక చూసింది. ఆయన తల వంచుకుని ఉన్నాడు. తల్లి వంక చూసింది. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఒప్పు జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఎడం చెయ్యి తొడ మీదనుంచి కదల్లేదు. పెదవి చివర మాత్రం కాస్త అదిరింది. తరవాత, చాలా చిన్నగా, ముక్కులోంచి తన్నుకొచ్చినట్టు, కిసుక్కుమంది.

సువర్చల చేపను ఇంకాస్త ముందుకు జరిపింది.

"ఆంకోర్, అత్తా" అంది ధాత్రి.